పెద్ద జాతి కుక్కకు కారణం తెలియని నొప్పి వస్తే: ఇంట్లో ఏం గమనించాలి, డాక్టరుకు ఏం చూపించాలి, నొప్పిని ఎలా తగ్గించాలి

హన్మకొండలోని మా ఇంట్లో ఒక జర్మన్ షెపర్డ్ ఉన్నాడు. పేరు టైగర్, బరువు అప్పట్లో 38 కిలోలు. వాడికి ఏడేళ్లు నిండిన కొత్తలో ఒక ఉదయం హాలులోని గ్రానైట్ బండల మీద నుంచి లేవబోయి, ముందు కాళ్లు ఊని, వెనుక గోళ్లతో బండను రెండు మూడు సార్లు గీకి, నడుము ఎత్తలేక మళ్లీ కూలబడిపోయాడు. ఆ తరువాత నాలుగు నెలల్లో రెండుసార్లు ఎక్స్‌రే తీయించాము, మూడుసార్లు రక్త పరీక్షలు చేయించాము, అన్నింటిలోనూ ఏమీ లేదన్నారు. ఒక చోట వాడిని ముట్టుకుని చూడకుండానే వరుసగా మూడు ఇంజెక్షన్లు ఇచ్చి, వయసు మీద పడిందని చెప్పి పంపించారు. పెద్ద కుక్కను పెంచుతున్న చాలామందికి ఇటువంటి రోజులు ఎదురవుతాయి గనుక, ఏ పని ముందు చేయాలి, ఏది చేయకూడదు అన్నది నేను నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట మొదటే గట్టిగా చెప్పాలి: రిపోర్టులో ఏమీ కనిపించకపోవడమంటే నొప్పి లేదని కాదు, చూడవలసిన చోట ఇంకా చూడలేదని మాత్రమే అర్థం.

ముందుగా, ఒక్క గంట కూడా ఆగకూడని సందర్భాలు

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వైలర్ వంటి లోతైన ఛాతీ గల కుక్కల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది. కడుపు డోలులా బిగుసుకుని, కుక్క వాంతి చేసుకోవడానికి పదేపదే ప్రయత్నిస్తున్నా ఏమీ బయటకు రాక, నోటి నుంచి చొంగ కారుతూ, నిలవలేక తిరుగుతుంటే అది మామూలు అజీర్ణం కాదు. వాము నీళ్లు, సోడా వంటివి పట్టిస్తూ సమయం పోగొట్టకుండా, ఆపరేషన్ చేయగల దవాఖానకు ఫోన్ చేసి చెప్పి వెంటనే బయలుదేరండి. వెనుక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయినా, మూత్రం రాక ముక్కుతున్నా, చిగుళ్లు తెల్లబడినా, కాలు మీద అసలు బరువు మోపలేకపోయినా అదే రోజు చూపించాలి. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు విపరీతంగా రొప్పే కుక్కకు వడదెబ్బ తగిలిందా అన్నది నొప్పి కన్నా ముందు ఆలోచించవలసిన విషయం. ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను గాలిలో ఉంచి, ఆ తడి ఆరకముందే తీసుకుపోండి.

మన మందుల డబ్బా మూసి పెట్టండి

కుక్క కుంటుతుంటే చూడలేక, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ప్రేమతో చేసే పనే అయినా దీని వల్ల ప్రాణం పోవచ్చు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం చెడిపోతుంది. రాబందుల చావుకు కారణమైందని తేలిన డైక్లోఫెనాక్‌ను మన దేశంలో 2006లో పశువైద్యం నుంచి నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట రాబందుల గురించి విన్నవారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ మాత్రలతో ఇంకో చిక్కు ఉంది. అవి రెండు రోజులు కుక్కను పరుగెత్తించి అసలు జబ్బును కప్పిపెడతాయి, తరువాత చేసే పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి, పైగా వాటికి తోడు నొప్పి మాత్ర పడితే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. ఇప్పటికే ఏదైనా ఇచ్చి ఉంటే సిగ్గుపడకుండా మందు పేరు, ఎంత ఇచ్చారు, ఏ పూట ఇచ్చారు అన్నది డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే కొత్త మందు మొదలుపెట్టే ముందు ఎన్ని రోజులు ఆగాలన్నది దానిని బట్టే నిర్ణయిస్తారు. బెణికిందేమోనని నూనె రాసి గట్టిగా మర్దన చేయడం కూడా కారణం తేలేదాకా వద్దు. లోపల ఎముక పగిలి ఉన్నా, ఎముకలో గడ్డ పెరుగుతున్నా మర్దన హాని చేస్తుంది.

నొప్పిని కళ్లతో పట్టుకోవడం

కుక్క అరిస్తేనే నొప్పి ఉందని అనుకోవడం పొరపాటు. దీర్ఘకాలం నొప్పి భరించే కుక్క దాదాపు ఎప్పుడూ అరవదు, తన అలవాట్లను ఒక్కొక్కటిగా మానుకుంటుంది. గేటు చప్పుడుకు పరుగెత్తుకు వచ్చేది పడుకున్న చోటు నుంచే తల ఎత్తి చూస్తుంది, కారులోకి దూకేది తలుపు దగ్గర ఆగి మీ మొహంలోకి చూస్తుంది, రాత్రి పదేపదే చోటు మారుస్తుంది, చల్లని వేళ కూడా రొప్పుతుంది, ఒకే కీలును గంటల తరబడి నాకుతుంది, పిల్లలు నడుము మీద చేయి వేస్తే ఎన్నడూ లేనిది గుర్రుమంటుంది. ముందు కాళ్లు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తి అలాగే నిలబడిపోతుంటే కడుపులో నొప్పి ఉందేమోనని అనుమానించాలి.

టైగర్ విషయంలో నాకు దారి చూపింది వాడి తోక. మా అమ్మ వంటింట్లో నుంచి పిలిస్తే వాడు తోక మొత్తం ఊపుతూ గోడలకు కొట్టుకునేవాడు. జబ్బు మొదలైన తరువాత తోక మొదలు కదలకుండా చివర మాత్రమే, బెత్తెడు మేర, అటూ ఇటూ ఆడేది. నేను దానిని దిగులు అనుకున్నాను. నడుము చివర, తోక మొదలయ్యే చోట నరాలు నొక్కుకుపోయిన కుక్క తోక ఎత్తడానికి భయపడుతుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

కుంటు ఏ కాలిదో తెలియకపోతే గట్టి నేల మీద, గొలుసు వదులుగా పట్టుకుని, ఎదురుగా ఒకసారి, వెనుక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి నడిపించి ఫోన్‌లో వీడియో తీయండి. నొప్పి ముందు కాలిలో ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. వెనుక కాలిలో ఉంటే ఆ వైపు తుంటి ఎక్కువగా పైకి ఎగురుతుంది. వీడియోను నెమ్మదిగా తిప్పి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దవాఖాన వాసనకు భయపడి ఎంతటి కుంటునైనా దాచుకునే కుక్కలు ఉంటాయి గనుక, ఇంటి దగ్గర తీసిన అర నిమిషం వీడియో డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. పొద్దున నిద్ర లేచినప్పటి మొదటి పది అడుగులు తప్పకుండా తీయండి.

రాసి పెట్టుకోవలసినవి

ఒక నోటు పుస్తకం తీసుకుని రోజుకు ఐదు నిమిషాలు కేటాయించండి. ఎన్ని ప్రయత్నాలకు లేచింది, ఎంతసేపు నడిచింది, ఎంత తిన్నది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, మల మూత్రాలకు ఎలా కూర్చున్నది, ఏ మందు ఏ గంటకు పడింది, చివరగా ఆ రోజు నొప్పికి మీరు సున్నా నుంచి పది వరకు వేసే అంకె. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు కుక్కల దీర్ఘకాలిక నొప్పిని కొలవడానికి తయారుచేసిన ప్రశ్నావళిలో కూడా యజమాని ఇలాగే సున్నా నుంచి పది వరకు అంకెలు వేస్తాడు. ప్రతిరోజూ ఒకే మనిషి వేస్తేనే ఆ అంకెలకు విలువ ఉంటుంది. మా ఇంట్లో ఆ పని మా అమ్మ చేసింది, రోజంతా వాడిని చూసేది ఆమే కాబట్టి.

కొన్ని కొలతలు కూడా తీసుకోవచ్చు. డిజిటల్ థర్మామీటరుకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. గాఢ నిద్రలో నిమిషానికి శ్వాసలు 30 లోపే ఉండాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు గులాబీ రంగు తిరిగి రావాలి. దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలత ఒకే ఎత్తులో కొలిచి చూడండి. తేడా ఉంటే సన్నబడిన కాలును కుక్క కొన్ని వారాలుగా వాడడం లేదని తెలుస్తుంది.

చేత్తో తడిమి చూసే ముందు మూతికి గుడ్డ పట్టీ కట్టండి, ఎందుకంటే నొప్పి పుట్టినప్పుడు ఎంత మంచి కుక్క అయినా కరుస్తుంది. రొప్పుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా మాత్రం పట్టీ కట్టకూడదు, చేత్తో తడమడం డాక్టరుకే వదిలేయండి. వేళ్ల సందుల్లో ముల్లు, పిడుదు, పగిలిన గోరు ఉన్నాయేమో ముందు చూసి, అక్కడి నుంచి ఒక్కొక్క కీలును మెల్లగా వంచుతూ పైకి రండి, తరువాత మెడ నుంచి తోక దాకా వెన్ను మీద బొటనవేలితో తేలికగా నొక్కండి. ఎక్కడ కండరం బిగుసుకుంటుందో, ఎక్కడ కుక్క తల తిప్పి మీ చేతిని చూస్తుందో అక్కడ ఆగి, ఆ చోటు పుస్తకంలో రాయండి. మళ్లీ మళ్లీ నొక్కి చూడకండి. నిలబడి ఉండగా పాదాన్ని వెనక్కి మడిచి పెడితే మామూలు కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. ఆలస్యం చేస్తే, లేదా వెనుక గోళ్లు పై వైపున అరిగిపోయి ఉంటే, సమస్య కీలులో కాక నరంలో ఉండవచ్చు.

డాక్టరు దగ్గర

వరంగల్‌కు దగ్గరలో మామునూరులోనూ, జగిత్యాల జిల్లా కోరుట్లలోనూ ప్రభుత్వ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. రెండూ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కళాశాల కూడా, పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. ఏ చోటుకు పోయినా, అవసరమైన పరికరం, దానిని వాడే డాక్టరు ఆ రోజు ఉంటారా అని ముందుగా ఫోన్ చేసి కనుక్కుంటే 38 కిలోల నొప్పి కుక్కను వ్యర్థంగా తిప్పే బాధ తప్పుతుంది.

మన ప్రాంతంలో కారణం తెలియని కీళ్ల నొప్పి, జ్వరం, నీరసం కలిసి వచ్చినప్పుడు మొదట అడగవలసింది పిడుదుల జ్వరం గురించి. గోధుమ రంగు కుక్క పిడుదు ద్వారా ఎర్లీకియా, బెబీసియా వంటి సూక్ష్మజీవులు రక్తంలో చేరతాయి. రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే అనుమానం బలపడుతుంది. రక్తపు చుక్కను గాజు పలక మీద చూసే పరీక్షలో కనబడకపోయినా జబ్బు ఉండవచ్చు గనుక, యాంటీబాడీ కిట్టుతో గానీ పీసీఆర్‌తో గానీ చూడవచ్చా అని అడగండి. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడమంటారు. వారానికే కుక్క లేచి తిరిగిందని మధ్యలో ఆపేయకూడదు.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఎక్స్‌రే విషయంలోనే. నొప్పితో బిగుసుకున్న పెద్ద కుక్కను నలుగురు అదిమి పట్టుకుని తీసిన చిత్రంలో తుంటి కీలు సరిగా కుదరదు, మత్తు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు సమానంగా చాపి తీస్తేనే చెప్పగలరు. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది తప్ప నరం, వెన్నుపూసల మధ్య మెత్తని డిస్కు, మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు కనబడవు. ఎముక క్యాన్సర్ కూడా తొలి దశలో కంటికి ఆనకపోవచ్చు గనుక, కుంటు తగ్గకపోతే కొన్ని వారాల తరువాత అదే చోట మళ్లీ తీయించాలి. టైగర్ తుంటి ఎక్స్‌రేలు రెండూ నిజంగానే బాగున్నాయి, ఎందుకంటే వాడి జబ్బు తుంటిలో లేదు. మా వీడియోలో వాడు అరుగు దిగేటప్పుడు నడుమును ఒక పక్కకు తిప్పుకోవడం చూసిన డాక్టరు, తోకను మెల్లగా పైకెత్తి, వెన్ను చివర నొక్కారు. అన్ని నెలల్లో వాడు అరిచింది ఆ ఒక్కసారే. నడుము చివర నరాలు నొక్కుకుపోయాయని తరువాత ఎంఆర్ఐలో తేలింది.

వయసును బట్టి అనుమానం మారుతుంది. ఐదు నెలల నుంచి ఏడాదిన్నర లోపు కుక్కలో కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటే అది పొడవాటి ఎముకల్లో వచ్చే వాపు కావచ్చు. దీనిని పానోస్టైటిస్ అంటారు, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ, వయసుతో పాటు దానంతట అదే తగ్గుతుంది. ఎదిగే వయసులోనే తుంటి, మోచేతి కీళ్లు సరిగా అమరకపోవడం కూడా బయటపడుతుంది. నడివయసులో, ముఖ్యంగా బరువెక్కిన లాబ్రడార్‌లో, వెనుక కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనించి, కూర్చున్నప్పుడు ఆ కాలును పక్కకు చాపుతుంటే మోకాలి లిగమెంటు తెగిందేమో చూడమనండి. ఏడేళ్లు దాటిన పెద్ద కుక్కకు మణికట్టు పైన గానీ, భుజం దగ్గర గానీ, మోకాలి చుట్టూ గానీ గట్టి వాపు వచ్చి కుంటు రోజురోజుకూ పెరుగుతుంటే బెణుకు అని తేల్చేయకుండా ఎముక క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు నడుము వంచి, ఎక్కువ నీళ్లు తాగుతూ నీరసిస్తే గర్భసంచిలో చీము పట్టిందేమో ఆ రోజే స్కాన్ చేయించండి.

అయినా కారణం దొరకకపోతే

అప్పుడు కూడా నొప్పికి మందు ఇవ్వవచ్చు, ఇవ్వాలి. పేరు తెలిసేదాకా కుక్కను బాధలో ఉంచడం అవసరం లేదని నా అభిప్రాయం. కుక్కలకు సరిపడే మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటి మందును మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయని రక్త పరీక్షలో చూసుకున్న తరువాత, తూకం వేసిన బరువుకు లెక్కగట్టి, డాక్టరు చెప్పినన్ని రోజులు తప్పకుండా ఇచ్చి చూడడం కూడా ఒక పరీక్షే. మందు మీద ఉన్నప్పుడు పుస్తకంలోని అంకె ఏడు నుంచి మూడుకు దిగితే, ఆ సోమరితనం, ఆ కోపం నొప్పి వల్లనే వచ్చాయని రుజువైనట్టు. దిగకపోతే నరాల నొప్పి అయి ఉండవచ్చు, దానికి గాబాపెంటిన్ వంటి వేరే మందులు ఉన్నాయి. మనుషుల కోసం తయారైన సిరప్‌లలో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుస్తుంది, అది కుక్కలకు విషం. అందుకని డాక్టరు రాసిన రూపంలోనే, క్యాప్సూల్ అంటే క్యాప్సూల్ మాత్రమే కొనండి. వాంతులు, నల్లని మలం, తిండి మానడం కనిపిస్తే మందు ఆపి అదే రోజు ఫోన్ చేయాలి.

ఇల్లు మార్చడం

మన ఇళ్లలో నున్నటి గ్రానైట్, టైల్స్ వేసుకోవడం అలవాటు. నడుము, కీళ్లు నొప్పిగా ఉన్న కుక్కకు ఆ నేల మీద ప్రతి అడుగూ జారుతుందన్న భయమే. మేము ఖర్చు లేకుండా చేసిన మొదటి మార్పు, వాడు తిరిగే దారి పొడవునా కొత్తవాడ నేత జంపఖానాలు పరచడం. గట్టి నూలుతో నేసినవి కావడం వల్ల గోళ్లకు పట్టు దొరుకుతుంది, ఉతుక్కోవచ్చు. జంపఖానా ఒక్కటే వేస్తే టైల్స్ మీద అదే జారుతుంది, కింద తప్పనిసరిగా రబ్బరు మ్యాటు వేయాలి. పడకకు పాత బొంతలు నాలుగు మడతలు వేసి, మోచేయి నేలకు తగలనంత మందంగా చేయండి. మెట్ల దగ్గర అడ్డు పెట్టండి. మెట్టు దిగక తప్పకపోతే పొడవాటి తువాలును పొట్ట కింద నుంచి వెనుక భాగానికి ఊతంగా పట్టుకోండి. అరికాళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు పొట్టిగా ఉంచాలి.

నడక మానకూడదు, ముక్కలు చేయాలి. ఒకేసారి గంట నడిపించే బదులు పది నిమిషాల చొప్పున మూడు పూటలు, మట్టి నేల మీద, గొలుసుతో నడిపించండి. వారమంతా పడుకోబెట్టి ఆదివారం వడ్డేపల్లి కట్ట మీద పరుగెత్తిస్తే సోమవారం లేవలేదు. చెరువులో ఈత కీళ్లకు మంచిదే గాని, జారే గట్లు, నిలవ నీటితో వచ్చే జబ్బులు ఉన్నందున మన చెరువుల్లో వద్దంటాను. పాత బిగువుకు గోరువెచ్చని కాపడం పది నిమిషాలు హాయినిస్తుంది, కొత్త వాపుకు మాత్రం చల్లని గుడ్డ పెట్టాలి.

అన్నింటికన్నా పెద్ద మందు బరువు తగ్గించడం. అమెరికాలో 48 లాబ్రడార్‌లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, జతలోని తోటి కుక్క కన్నా పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. మీ అరచేయి చాచి కుక్క పక్కటెముకల మీద తేలికగా ఆనిస్తే ఎముకలు తెలియాలి, పై నుంచి చూస్తే నడుము సన్నగా కనబడాలి. గిన్నెడు పెరుగన్నం, మిగిలిన రొట్టెలు, వచ్చిపోయేవాళ్లు పెట్టే బిస్కెట్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. టైగర్ నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాడు, అందుకు మా అమ్మను ఒప్పించడమే కష్టమైంది. పెద్ద జాతి పిల్లలకు ఎముకలు గట్టిపడతాయని కాల్షియం సిరప్ పోయడం కూడా మానండి. వాటి శరీరం ఎక్కువైన కాల్షియం ఒంట్లో చేరకుండా ఆపలేదు, ఎముకలు వంకర పెరుగుతాయి.

కొన్ని కుక్కలకు ఇవన్నీ చేసినా నొప్పి లొంగదు. అటువంటప్పుడు పుస్తకంలో రోజుల కింద మంచి రోజు, చెడ్డ రోజు అని గుర్తు పెడుతూ పోయి, చెడ్డ రోజులు నెలలో సగం దాటినప్పుడు డాక్టరుతో కూర్చుని, ఆపరేషన్ దారి ఉందా, లేకపోతే బాధ లేకుండా సాగనంపే సమయం వచ్చిందా అని సూటిగా అడగండి. ఇంట్లో అందరూ ఆ మాటలో పాల్గొనాలి, అంకెలు వేసిన మనిషి మాట ముందు వినాలి.

మా పుస్తకం ఇంకా నడుస్తోంది. ఈ రోజు మా అమ్మ రాసిన వరుస ఇది: ఉదయం ఆరు గంటలకు ఒక్కసారికే లేచాడు, పది నిమిషాలు నడిచాడు, రాత్రి కదలలేదు, నొప్పి రెండు, తోక సగం దాకా ఊపాడు.